పిల్లల పెట్టె వెదకవచ్చునా?

2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు మన యాజమాన్యంలోని పాఠశాలలు చాలావరకు ఒక కొత్త పద్ధతికి అలవాటుపడ్డాయి. ప్రతి విద్యార్థికీ ఒక ఖాతా, ప్రతి ఉపాధ్యాయునికీ ఒక ఖాతా. హోంవర్కును ఫోటో తీసి పంపడం, మాస్టారు దానిని దిద్ది తిరిగి పంపడం. తరువాత బడులు తెరిచారు గాని ఆ ఖాతాలు మూయలేదు. ఇప్పుడు వాటిలో ఏమున్నదో నిజంగా ఎవరికీ తెలియదు. వార్షికోత్సవం ఫోటోలు, ఆటల పోటీల వీడియోలు, అడ్మిషన్ ఫారాలు, ఆధార్ నకళ్లు, ఎప్పుడో బడి వదలి వెళ్లిపోయిన పిల్లల నోట్సులు, అన్నీ అక్కడే ఉన్నాయి. దీనినే క్లౌడ్ అంటున్నారు. పేరుకు మేఘమే గాని ఆకాశంలో ఏమీ లేదు. ఎక్కడో మరొకరి భవనంలో, మరొకరి కంప్యూటర్లలో మనం వాడుకుంటున్న ఒక బీరువా అది.

ఈ బీరువాను యంత్రంతో సోదా చేయించాలని ఇప్పుడు కొన్ని పాఠశాలలు ఆలోచిస్తున్నాయి. పసిపిల్లలపై జరిగిన లైంగిక అత్యాచారాల చిత్రాలను ఎవరైనా అందులో దాచి ఉంటే యంత్రం పసిగట్టి చెబుతుంది. వినగానే ఎవరు కాదంటారు? అయినా తల్లిదండ్రుల మధ్య ఈ మాట వచ్చినప్పుడు నేను రెండు రకాల ప్రశ్నలు విన్నాను. ఒక తండ్రి, “తప్పు చేయనివాడికి భయమెందుకు ఫాదర్‌గారూ, రేపే మొదలుపెట్టండి” అన్నారు. ఒక తల్లి, “మా అమ్మాయి ఫోటోలు ఎవరు చూస్తారండీ?” అని అడిగారు. మొదటి మాటకు చప్పట్లు పడతాయి. రెండవ మాటకు జవాబు చెప్పవలసి ఉంటుంది. సోదా చేయవచ్చునా అన్న ప్రశ్నకంటె, ఎవరు, దేనికోసం, ఎలా, దొరికిన తరువాత ఏమిటి అన్న ప్రశ్నలే బరువైనవని నా అభిప్రాయం.

ముందుగా, మనం దేనిని గురించి మాట్లాడుకుంటున్నామో తెలియాలి. బూతు బొమ్మల గురించి కాదు. ఒక బిడ్డపై నేరం జరుగుతుండగా తీసిన చిత్రాల గురించి. 2024 సెప్టెంబరు 23న మన సుప్రీంకోర్టు ఒక తీర్పులో, వీటిని ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అనే పేరుతో పిలవవద్దని, పిల్లలపై జరిగిన దోపిడీకి, అత్యాచారానికి సాక్ష్యాలుగా చూడాలని చెప్పింది. మాట మార్చితే ఏమవుతుందని కొందరు అనుకోవచ్చు. చాలా అవుతుంది. మొదటి మాట చూసేవాని వినోదం వైపు నుండి పుట్టింది. రెండవది ఆ బిడ్డ వైపు నుండి పుట్టింది. ఆ బిడ్డ పెరిగి పెద్దదై పెళ్లి చేసుకున్నా, ఆ చిత్రం ఎవరో ఒకరి కంప్యూటరులో తెరుచుకుంటూనే ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ పాత గాయం మీద కొత్త దెబ్బ. 2012 నాటి పోక్సో చట్టం, సమాచార సాంకేతిక చట్టంలోని 67బి సెక్షను ఈ చిత్రాలను నేరంగానే చూస్తాయి. తిరుసభ చట్టం కూడా ఈ విషయంలో మెల్లగానే అయినా ముందుకు నడిచింది. గురువు ఎవరైనా పద్నాలుగేళ్లలోపు పిల్లల అశ్లీల చిత్రాలను దగ్గర ఉంచుకోవడం ఘోరమైన నేరమని 2010లో రోము నిర్ణయించింది. 2019 డిసెంబరులో ఆ వయసును పద్దెనిమిదికి పెంచింది. కాబట్టి ఇది పొరుగువాళ్ల సమస్య అని మనలో ఎవరమూ అనుకోవడానికి వీలులేదు.

ఇక యంత్రం ఎలా వెదుకుతుందో చూద్దాం. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, నీతి ప్రశ్న అంతా ఇందులోనే ఉన్నది.

యంత్రానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది వేలిముద్ర పద్ధతి. పొలం రిజిస్ట్రేషనుకు వెళ్లినప్పుడు మన బొటనవేలి ముద్ర తీసుకుంటారు. ఆ ముద్రను చూసి మన ముఖం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అదే వేలు మళ్లీ పెడితే మాత్రం ఆ మనిషేనని గుర్తుపట్టవచ్చు. అలాగే ప్రతి చిత్రానికీ ఒక లెక్క కట్టి ఒక పొడవైన అంకెగా మార్చవచ్చు. దీనిని హ్యాష్ అంటారు. 2009లో మైక్రోసాఫ్ట్ కంపెనీ, డార్ట్‌మత్ కళాశాల ఆచార్యుడు హానీ ఫరీద్ కలిసి ఫోటోడీఎన్ఏ అనే పద్ధతిని తయారు చేశారు. చిత్రం పరిమాణం మార్చినా, రంగు కొంచెం మార్చినా అది గుర్తుపడుతుంది. అత్యాచార చిత్రాలని ఇదివరకే నిర్ధారణ అయినవాటి ముద్రల జాబితా ఒకటి ఉంటుంది. అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం అటువంటి జాబితాను నిర్వహిస్తున్నది. యంత్రం మన బీరువాలోని ప్రతి చిత్రానికీ ముద్ర తీసి ఆ జాబితాతో పోల్చుతుంది. సరిపోలకపోతే వదిలేస్తుంది. మీ పాప పుట్టినరోజు ఫోటోలో ఎవరున్నారో దానికి తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ లేదు.

రెండవది ఊహించే పద్ధతి. లక్షల చిత్రాలు చూపించి నేర్పిన యంత్రం, ఇంతకుముందెన్నడూ చూడని చిత్రాన్ని చూసి, ఇది ఫలానా రకంగా ఉన్నది అని అనుమానం వ్యక్తం చేస్తుంది. మొదటి యంత్రం గుర్తుపడుతుంది, రెండవ యంత్రం శంకిస్తుంది. కంపెనీల కరపత్రాలలో రెండింటినీ కలిపి ఒకే మాటతో ‘స్కానింగ్’ అంటారు. సంతకం పెట్టేముందు ఇందులో ఏది కొంటున్నామో అడగని కరస్పాండెంటు తన పని సరిగా చేసినట్టు కాదు.

సెమినరీలో తత్వశాస్త్రం చదువుకున్న రోజుల్లో పునీత తోమాసు అక్వినాసుగారి పెద్ద గ్రంథంలో అనుమానం గురించిన భాగం చదివాము. సందేహం ఉన్నచోట పొరుగువానిని మంచివాడనే తలచాలంటారు ఆయన. అలా తలచి చెడ్డవాని చేతిలో పలుమార్లు మోసపోయినా ఫరవాలేదు, మంచివానిని చెడ్డవాడని తలచడంకంటె అదే మేలన్నది ఆయన భావం. ఇది చదివి, అలాగైతే బీరువాకు తాళం కూడా వేయకూడదా అని మాలో ఒకతను అడిగాడు. అదే భాగంలో కొంచెం కిందకు వెళితే జవాబు ఉన్నది. ఒక కీడుకు విరుగుడు ఏర్పాటు చేసేటప్పుడు మాత్రం ఎక్కువ కీడునే ఊహించుకొని సిద్ధపడడం మంచిదంటారు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదని పైకి కనిపిస్తుంది. కాని మనిషిమీద తీర్పు వేరు, ముందు జాగ్రత్త వేరు. రాత్రి తలుపుకు గడియ పెట్టుకున్నంత మాత్రాన ఎదురింటి సుబ్బారావును దొంగ అన్నట్టు కాదు. ఎదురింటి సుబ్బారావు నడక చూసి, వీడు దొంగలా ఉన్నాడని పోలీసులకు చెబితే అది తీర్పు. వేలిముద్ర పద్ధతి గడియకు దగ్గరగా ఉన్నది. ఊహించే పద్ధతి నడక చూసి చెప్పే సాక్ష్యానికి దగ్గరగా ఉన్నది.

ఇది మాటల చమత్కారం కాదని చెప్పడానికి ఒక సంఘటన ఉన్నది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఒక తండ్రి తన పసికొడుకుకు మర్మస్థానం వాచిందని గమనించాడు. కరోనా రోజులు గనుక డాక్టరును వీడియోలో చూపించుకోవాలి. ముందుగా ఫోటో పంపమని ఆస్పత్రివారు అడిగారు. ఫోటో తీశారు, పంపారు, డాక్టరు మందు రాశాడు, బిడ్డకు తగ్గింది. అయితే ఆ ఫోన్‌లోని ఫోటోలు వాటంతటవే గూగుల్ క్లౌడ్‌లోకి వెళుతున్నాయి. అక్కడి యంత్రం ఆ ఫోటోను శంకించింది. రెండు రోజులలో ఆయన ఖాతా మూసివేశారు. ఉత్తరాలు, ఫోటోలు, ఫోన్ నంబరు, అన్నీ పోయాయి. పోలీసులు దర్యాప్తు చేసి నేరం ఏమీ జరగలేదని తేల్చారు. అయినా కంపెనీ ఖాతాను తిరిగి ఇవ్వలేదు. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ సంగతి రాసినప్పుడు లోకానికి తెలిసింది. టెక్సాస్ రాష్ట్రంలో మరో తండ్రికీ ఇటువంటిదే జరిగిందని అదే వార్తలో ఉన్నది.

ఇక్కడ యంత్రాన్ని తిట్టి లాభం లేదు. తనకు నేర్పినట్టే అది చెప్పింది. తప్పు ఎక్కడ జరిగిందంటే, యంత్రం చెప్పిన తరువాత ఆ తండ్రి మాట వినడానికి మనిషి లేకపోవడంలో. పోలీసులు విన్నారు, కంపెనీ వినలేదు. మన ఇళ్లు తలచుకోండి. మొలతాడు తప్ప ఒంటిమీద ఏమీ లేకుండా బోర్లాపడిన పసివాడి ఫోటో లేని ఆల్బమ్ తెలుగుదేశంలో ఏ ఇంట్లో ఉన్నది? కాళ్లమీద పడుకోబెట్టుకొని నలుగుపెట్టి నీళ్లు పోస్తున్న అమ్మమ్మ ఫోటో ఎన్ని ఇళ్లలో లేదు? ఒక టీచరమ్మ అలాంటి ఫోటోను పొరపాటున బడి ఖాతాలోకి ఎక్కించిందనుకుందాం. ఊహించే యంత్రం గంట కొడితే, ఆమెను పిలిచి మాట్లాడేది ఎవరు? ఏమని మాట్లాడతారు? ఆ సంగతి స్టాఫ్ రూములో తెలియకుండా ఉంటుందా? ఒకసారి ఆ అనుమానం అంటుకున్న ఉపాధ్యాయురాలు మళ్లీ ఆ ఊళ్లో తలెత్తుకొని తిరగగలదా?

ఇప్పుడు తండ్రిగారి మాటకు వద్దాం. తప్పు చేయనివాడికి భయమెందుకు? స్నానాల గదికి తలుపు పెట్టుకుంటాం. లోపల ఏదో పాపం చేస్తున్నామని కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. మనిషికి చాటు అవసరమని కోర్టు చెప్పేదాకా మనకు తెలియదా? పాపసంకీర్తన గూటికి తెర ఎందుకున్నది? ఆ తెర చాటున మనిషి తన మనసు తాను చూసుకుంటాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడు తన నోట్సు చివరి పేజీలో రాసుకునే పిచ్చి కవిత్వం కూడా అటువంటి చాటే. దానిని పెద్దలు చూస్తారని తెలిస్తే రాయడు. రాయని పిల్లవాడు ఎదగడు.

ఇంగ్లండులో జెరెమీ బెంథామ్ అనే తత్వవేత్త 1791లో ఒక జైలు నమూనాను ప్రచురించాడు. మధ్యలో ఒక గోపురం, చుట్టూ గదులు. గోపురంలో కాపలావాడు ఉన్నాడో లేడో ఖైదీలకు కనబడదు. కాబట్టి ఎప్పుడూ ఉన్నట్టే భయపడి నడుచుకుంటారు. అదే పద్ధతి బడులకూ పనికివస్తుందని ఆయన అన్నాడు. ఎవరో చూస్తున్నారని మంచిగా ఉండడం, మంచివాడు కావడం ఒకటి కాదని మాత్రం ఆయన లెక్కలోకి తీసుకోలేదు. మనమూ తక్కువ తినలేదు. ‘దేవుడు పైనుండి చూస్తున్నాడు, కళ్లు పొడుస్తాడు’ అని పిల్లలను బెదిరించిన ఉపదేశులు, తల్లులు ఎంతమంది లేరు! దేవుని చూపును సి.సి. కెమెరాగా మార్చిన ఘనత మనది.

అలాగని గోప్యత అన్న మాటను అడ్డం పెట్టుకొని ఊరుకోవడానికీ వీలులేదు. ఆ చిత్రంలోని బిడ్డకు గోప్యత లేదా? బీరువా సొంతదారుని గోప్యత గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం. చిత్రంలోని బిడ్డ ఎవరి అనుమతి అడిగి అక్కడికి వచ్చింది? సోదాకు అనుకూలంగా నాకు కనిపించే అతి బలమైన వాదం ఇదే. తన చాటును మరొకరు దొంగిలించి పంచుకుంటున్న బిడ్డ ఒకరు ఉన్నప్పుడు, ఆ దొంగసొత్తు మన బీరువాలో ఉన్నదో లేదో చూడనని అనడం గోప్యతను గౌరవించడం కాదు. కళ్లు మూసుకోవడం. సంస్థలకు, అందులో మన సంస్థలకు, ఆ అలవాటు ఎంత నష్టం తెచ్చిందో నేను ఇక్కడ విస్తరించి రాయనవసరం లేదు.

2021 ఆగస్టులో ఆపిల్ కంపెనీ ఇటువంటి ప్రతిపాదనే చేసింది. ఫోటోలు క్లౌడ్‌లోకి వెళ్లేముందు, మనిషి చేతిలోని ఫోన్‌లోనే వేలిముద్ర పద్ధతిలో పోల్చి చూస్తామన్నది. పిల్లల రక్షణ సంఘాలు సంతోషించాయి. కంప్యూటర్ల భద్రత తెలిసిన నిపుణులు అనేకులు వ్యతిరేకించారు. ఇవాళ జాబితాలో అత్యాచార చిత్రాలున్నాయి, రేపు ఏదో ఒక ప్రభుత్వం తనకు నచ్చని చిత్రాలను అందులో చేర్చమంటే ఏమిటి అన్నారు. నెల తిరక్కముందే కంపెనీ వెనక్కు తగ్గింది, 2022 డిసెంబరులో ఆ ఆలోచన పూర్తిగా మానుకున్నది. రెండు వైపులా న్యాయమున్న వాదం అది. అయితే మన బడి విషయం దానికి కొంచెం వేరు. ఫోన్ అంటే మనిషి జేబు. బడి ఖాతా బడి బీరువా. జేబు తడమడానికి, బీరువా తెరవడానికి ఒకే న్యాయం వర్తించదు. తన బీరువాలో ఏమున్నదో చూసుకోవలసిన బాధ్యత బడికి ఉన్నది. పిల్లవాని జేబు తడిమే హక్కు లేదు. పిల్లవాని సొంత ఫోన్, ఇంటివద్ద వాడే వాట్సాప్, వీటి జోలికి ఈ పేరుతో బడి వెళ్లకూడదు.

బోర్డింగులో చదువుకున్నవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. వార్డెన్ ట్రంకు పెట్టెలు చూసేవారు. మంచి వార్డెన్ ఎలా చూసేవారు? ఫలానా రోజున చూస్తామని ముందే చెప్పేవారు. పిల్లవాడు ఎదురుగా ఉండగానే చూసేవారు. చీమలు పట్టే తినుబండారాలు, కత్తులు, ఎక్కువ డబ్బు, వీటికోసమే చూసేవారు. ఇంటినుండి వచ్చిన ఉత్తరం కనబడితే పక్కన పెట్టేవారు గాని విప్పి చదివేవారు కాదు. చదివే వార్డెన్లూ ఉండేవారు. పిల్లలకు ఇద్దరిలో ఎవరు కాపలాదారో, ఎవరు గూఢచారో తెలుసు, ఎవరూ నేర్పనక్కరలేదు.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లోయర్ మెరియన్ పాఠశాలల యాజమాన్యానికి ఈ తేడా కోర్టులో తెలిసివచ్చింది. హైస్కూలు పిల్లలకు లాప్‌టాప్‌లు ఇచ్చారు. పోయిన లాప్‌టాప్‌లను కనిపెట్టడానికని వాటి కెమెరాలను దూరం నుండి పనిచేయించే ఏర్పాటు పెట్టారు. ఆ సంగతి పిల్లలకు, తల్లిదండ్రులకు సరిగా చెప్పలేదు. పిల్లలు తమ ఇళ్లలో, తమ గదుల్లో ఉండగా తీసిన చిత్రాలు వేలకొద్దీ పోగయ్యాయి. 2010 ఫిబ్రవరిలో కేసు పడింది, అక్టోబరులో ఆ యాజమాన్యం 6,10,000 డాలర్లకు రాజీపడింది. ఉద్దేశం చెడ్డది కాదు, దొంగతనం ఆపడమే. కాని చెప్పకుండా చేశారు, అవసరం తీరినా ఆపలేదు.

ఇంతకూ, సిద్ధపడడం అంటే ఏమిటి? యంత్రాన్ని తెరవడం ఒక రోజు పని. ఒకనాటి రాత్రి పదిగంటలకు అది గంట కొట్టినప్పుడు ఎవరు ఏమి చేస్తారో నిర్ణయించుకోవడానికే నెలలు పడుతుంది. నా ఎరుకలో చాలామంది పెద్దలు చేసే మొదటి పని, “నిజమో కాదో ఒకసారి చూద్దాం” అని ఆ చిత్రాన్ని తెరవడం. చేయకూడని మొదటి పని అదే. తెరిస్తే ఆ బిడ్డను మరొకరు చూసినట్టు. రెండవది, “సిస్టర్‌గారూ, ఇది చూశారా” అని వాట్సాప్‌లో పంపడం. అది పంచడమే అవుతుంది, చట్టం ముందు నేరమవుతుంది. మూడవది, బెదిరిపోయి చెరిపివేయడం. చెరిపివేస్తే సాక్ష్యం పోతుంది, బహుశా ఒక బిడ్డను వెదకి పట్టుకొనే దారి కూడా పోతుంది. తెరవకుండా, పంపకుండా, చెరపకుండా ఆ ఖాతాను నిలిపి ఉంచి, పోలీసులకు చెప్పాలి.

పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గాని, స్థానిక పోలీసులకు గాని తెలియజేయవలసిందే. తెలియజేయకపోతే 21వ సెక్షను కింద శిక్ష ఉన్నది. సంస్థ పెద్ద తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచితే ఏడాదివరకు జైలు. ‘మొదట మేనేజ్‌మెంటు విచారణ, తరువాత చూద్దాం’ అన్న వెసులుబాటు ఆ చట్టంలో లేదు. పీఠాధిపతులకు, ప్రొవిన్షియల్‌గారికి చెప్పడం అవసరమే. అది పోలీసులకు చెప్పడానికి బదులు కాదు. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉన్నది, కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. బిడ్డ పేరు మాత్రం ఎక్కడా బయటకు పొక్కకూడదు.

గంట ఎవరి బల్లమీద మోగాలి? ఒక్కరి బల్లమీద మోగకూడదు. ఆ ఒక్కరి ఖాతాలోనే దొరికితే? అందుచేత కనీసం ఇద్దరు, అందులో ఒకరు యాజమాన్యానికి సంబంధం లేనివారు ఉండాలి. సోదా పిల్లల ఖాతాలకే పరిమితమైతే అది అన్యాయం. కరస్పాండెంటు, ప్రధానోపాధ్యాయులు, గుమాస్తా, డ్రిల్లు మాస్టారు, అందరి ఖాతాలూ అందులో ఉండాలి. పిల్లల పెట్టె చూసి పెద్దల బీరువా చూడని వార్డెన్ మాట ఏ పిల్లవాడూ నమ్మడు. ఒక మాట ఇక్కడే చెప్పాలి. మనం తలపెట్టినా, పెట్టకపోయినా పెద్ద కంపెనీలు తమ బీరువాలలో ఈ వెదుకులాట ఇప్పటికే కొంత చేస్తున్నాయి. అమెరికా చట్టం ప్రకారం దొరికినదానిని అవి పైన చెప్పిన కేంద్రానికి తెలియజేయాలి. మన దేశపు నేర రికార్డుల బ్యూరో 2019లో ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకున్నందున, మన దేశానికి సంబంధించిన నివేదికలు ఇక్కడి పోలీసులకు చేరుతున్నాయి. అంటే ముందు జాగ్రత్త లేని బడికి ఆ వార్త మొదట పోలీసు జీపులోనే వస్తుంది.

ఇక అన్నింటికంటె కష్టమైన సంగతి. దొరికిన చిత్రం పరాయి దేశపు బిడ్డది కాదు, పదవ తరగతి ‘బి’ సెక్షన్ అమ్మాయిది అనుకుందాం. తానే తీసుకొని ఒక అబ్బాయికి పంపింది, వాడు దాచాడు. లేదా ఎవరో యంత్రంతో కల్పించారు. స్పెయిన్‌లోని అల్మెంద్రాలెహో అనే పట్టణంలో 2023లో తోటి పిల్లలే కృత్రిమ మేధతో తమ బడి ఆడపిల్లల ఫోటోలను నగ్నచిత్రాలుగా మార్చి పంచారు. ఇటువంటివి వేలిముద్ర జాబితాలో ఉండవు, కొత్తవి గనుక. ఊహించే యంత్రమే పట్టుకోవచ్చు. పట్టుకుంటే? మన చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి అంగీకారాన్ని లెక్కచేయదు. ఇద్దరూ పిల్లలే, ఒకరు నేరస్థుల వరుసలో నిలబడవలసి వస్తుంది. తెలిసిన తరువాత చెప్పకుండా ఉండే స్వేచ్ఛ బడికి లేదు. ఈ ముడి విప్పే ఉపాయం తత్వశాస్త్రంలో నాకు దొరకలేదు. అయితే చట్టం అడిగినది చేస్తూనే బడి చేయగలిగినది, చేయకూడనిది కొంత ఉన్నది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు పోలీసుల నోటినుండి కాక బడి పెద్దల నోటినుండి మొదట వినాలి. బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్లినప్పుడు బడి మనిషి పక్కన ఉండాలి. టి.సి. చేతిలో పెట్టి పంపించకూడదు. మన పాఠశాలలు ‘సంస్థకు మచ్చ’ అని ఎంతమంది పిల్లలను టి.సి.లతో గేటు దాటించాయో రిజిస్టర్లకు తెలుసు. ఎక్కువగా ఆడపిల్లలనే.

నన్ను అడిగితే, బడి వేలిముద్ర పద్ధతితోనే మొదలుపెట్టాలి, అందరి ఖాతాలమీద, చెప్పి మరీ. ఊహించే యంత్రాన్ని పిల్లల ఖాతాలమీదకు ఇప్పుడే వదలకూడదు. అది కొట్టే గంటకు తగిన మనిషి, పిల్లలతో మాట్లాడే శిక్షణ ఉన్న మనిషి, చాలా బడులలో లేడు. దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది, దాచను. తెలిసిన చిత్రాలనే వెదికితే పాత నేరాలే దొరుకుతాయి, ఇవాళ బాధపడుతున్న బిడ్డ దొరకదు. నిజమే. కాని ఆ బిడ్డను ఇంతవరకు ఎక్కువగా కనిపెట్టింది ఎవరు? హాస్టలు ఆయాకు చెప్పుకున్నది, పక్క బెంచీ స్నేహితురాలికి చెప్పుకున్నది, ఉన్నట్టుండి లెక్కల్లో సున్నా తెచ్చుకున్నప్పుడు ఏమైందమ్మా అని అడిగిన టీచరుకు చెప్పుకున్నది. యంత్రానికి పెట్టే డబ్బులో కొంత ఒక కౌన్సెలరు జీతానికి పెట్టగలిగితే ఆ యంత్రం పట్టుకోలేనిదానిని ఆమె వినగలుగుతుంది. పిల్లలకు శరీరం గురించి, హద్దుల గురించి వయసుకు తగినట్టు నేర్పాలని 2024 తీర్పులో న్యాయమూర్తులు కూడా సూచించారు. మన బడులలో ఆ పాఠం ఇంకా గుసగుసగానే ఉన్నది.

చివరగా తల్లిదండ్రుల అనుమతి. అడ్మిషన్ ఫారం వెనుక సన్నని ఇంగ్లీషు అక్షరాలలో ఒక వాక్యం అచ్చువేసి, కూలిపనినుండి వచ్చిన తల్లిచేత వేలిముద్ర వేయించుకోవడం అనుమతి కాదు. తెలుగులో, ఒక పేజీకి మించకుండా ఉత్తరం రాయాలి. దేనికోసం వెదుకుతున్నామో, దేనికోసం వెదకడంలేదో, ఎవరికి తెలుస్తుందో, తప్పు గంట మోగితే ఎవరిని కలిసి చెప్పుకోవాలో అందులో ఉండాలి. చదవలేనివారికి సమావేశంలో చదివి వినిపించాలి. దానికి ముందు బడి చేయవలసిన చిన్న పని ఒకటున్నది. బీరువా సర్దుకోవాలి. బడి వదలిన పిల్లల ఖాతాలు వారికి చెప్పి మూసివేయాలి. అవసరం తీరిన ఫోటోలు, నకళ్లు తీసివేయాలి. లేని ఫోటోను ఎవరూ దొంగిలించలేరు, ఏ యంత్రమూ శంకించలేదు.

ఉత్తరంలో ఒక తేదీ కూడా ఉండాలి. ఈ సోదాను ఏడాదిపాటు నడిపి, ఫలానా రోజున తల్లిదండ్రుల ముందు లెక్క చెప్పి, కొనసాగించాలా ఆపాలా అని మళ్లీ అడుగుతామన్న తేదీ. ఆ రోజున ఎన్నిసార్లు గంట మోగింది, అందులో ఎన్ని తప్పు గంటలు, వాటివల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందా అన్నది, పేర్లు లేకుండా, పెద్దలు చదివి వినిపించాలి.